ఊళ్లో ఉచిత ఆసుపత్రి పెట్టాలంటే ముందు బస్సు టైము కనుక్కోండి

ఊళ్లో రెండెకరాలు ఉన్నాయని, అమెరికాలోని అన్నదమ్ములు డబ్బు పంపుతామంటున్నారని, పేదలకు ఉచిత ఆసుపత్రి కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక ట్రస్టు నడిపే 20 పడకల ఆసుపత్రిలో 11 ఏళ్లు పద్దులూ పరిపాలనా చూశాను. డాక్టరును కాను. అందుకే వైద్యం జోలికి పోకుండా నడపడం గురించే చెబుతాను.

కట్టడంతో మొదలుపెట్టకండి. భవనానికి దాతలు దొరుకుతారు, శిలాఫలకం మీద పేరుంటుంది. రాత్రి డ్యూటీ నర్సు జీతానికి, జనరేటర్ డీజిలుకు ఇచ్చేవాళ్లే దొరకరు.

మాకు తెలివి తెచ్చింది ఒక ముసలమ్మ. షుగరు పరీక్షకు పరగడుపున రమ్మంటే ఆరింటి బస్సుకే వచ్చి వరండాలో కూర్చుంది. ల్యాబ్ తెరిచేది తొమ్మిదిన్నరకు. ఎనిమిదింటికి కళ్లు తిరుగుతుంటే ఎదురు బండి దగ్గర రెండు ఇడ్లీలు తిన్నది. “తిన్నావా? అయితే రేపు రామ్మా” అన్నాడు ల్యాబ్ అబ్బాయి. అతన్ని అనడానికి లేదు, ఆ వేళలు పెట్టింది నేనే. ఆమె రొంటిన దోపుకున్న సంచి విప్పి బిళ్లలు చూపించింది. ఒక్కోదాన్నీ రెండు ముక్కలు చేసి దాచుకుంది. మేం పదిహేను రోజులకు ఇచ్చినవాటిని నెలంతా సర్దుతోంది!

బిళ్లలు ఉచితమే. రానుపోను బస్సు ఛార్జీ, తోడొచ్చిన కోడలి కూలి మాత్రం ఆమెవి. అప్పటికి ఆడవాళ్లకు ఉచిత బస్సు లేదు. ఇప్పుడు ఛార్జీ తప్పినా, పోయిన కూలి పోయినట్టే.

ఆ తర్వాత ల్యాబ్ ఆరున్నరకే తెరిచాం. పదకొండింటికల్లా రిపోర్టు చేతికిచ్చాం. బీపీ, షుగరు అదుపులో ఉన్నవాళ్లకు డాక్టరు రాస్తే రెండు నెలల మందులు ఒకేసారి ఇచ్చాం. ఎత్తేసిన పది రూపాయల ఓపీ చీటీ మళ్లీ పెట్టాం. దాంతో వచ్చే డబ్బు లెక్కలోకి రాదు. కానీ ఊరికే ఇస్తున్నంతకాలం మందు పనిచేయలేదని చెప్పడానికి మొహమాటపడిన జనం, పది రూపాయలు కట్టాక నిలదీశారు. అదే మాకు కావలసింది.

మీరు మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి గురించి వినే ఉంటారు. 1976లో 11 పడకలతో మొదలై, డబ్బు కట్టే రోగుల ఆదాయంతో కట్టలేనివాళ్లకూ ఆపరేషన్లు చేస్తూ ఎదిగింది. ఒకే రకం ఆపరేషన్ వేల సంఖ్యలో చేసేచోట ఆ లెక్క కుదురుతుంది. జ్వరం, కాన్పు, తేలుకాటు కలగలిసి వచ్చే పల్లెటూరి ఆసుపత్రిలో అంత తేలిగ్గా కుదరదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆపరేషన్లకు, పడకమీది చికిత్సలకు. నెలనెలా మింగే బీపీ బిళ్ల ఖర్చు మీరే చూసుకోవాలి.

రాత్రి నర్సు అన్నాను కదా. రక్తపింజరి కాటని అనుమానం ఉంటే, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. యంత్రం అక్కర్లేదు, తెలిసిన మనిషి మెలకువగా ఉండాలి. మా ఆయా శ్రద్ధకొద్దీ ఆ గొట్టాలను సబ్బుతో తోమి పెట్టేది. సబ్బు అంటితే ఫలితం తప్పొస్తుందని ఒక నర్సు పట్టుకునేదాకా ఎవరికీ తట్టలేదు.

ఇక అమెరికా డబ్బు. మీ అన్నదమ్ములది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే, వాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తిస్తుంది. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థ మూడేళ్లు పనిచేసి, ఆ కాలంలో కనీసం 15 లక్షలు సేవలకు ఖర్చుచేసి ఉండాలి. లేదంటే ముందస్తు అనుమతి అడగాలి. డబ్బు వచ్చి పడ్డాక ఆడిటర్ దగ్గరికి పరుగెత్తకండి.

ఆ మూడేళ్లూ బస్టాండు పక్కన ఇల్లు అద్దెకు తీసుకుని ఓపీ, ల్యాబ్, మందుల గది నడపండి. రెండెకరాల్లో ఏదో ఒకటి కట్టాలని మనసు లాగితే, నర్సులకు నాలుగు గదులు కట్టండి. లోపలే స్నానాలగది, తలుపుకు గట్టి గడియ, రాత్రంతా వెలిగే లైటు ఉండాలి. మా దగ్గర మానేసిన నర్సుల్లో జీతం చాలక వెళ్లినవాళ్లకన్నా ఇవి లేక వెళ్లినవాళ్లే ఎక్కువ.