తాడు ఎవరు పట్టుకున్నారు?

ఒంగోలు

చి. అమ్మాయికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ నాన్న స్నేహితుడిగా చదివాను, ముచ్చటేసింది. రెండోసారి ముప్ఫై ఏళ్ళు పశువుల ఆసుపత్రుల్లో పనిచేసినవాడిగా చదివాను. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ రెండోవాడు. కాస్త ఓపిక పట్టు.

వయొమింగ్‌లో ఒక రాంచ్. వీసా టెన్షన్‌లో ఉన్న మొగుడు, శని ఆదివారాలు తిరిగొద్దామని అతన్ని అక్కడికి లాక్కెళ్ళిన పెళ్ళాం. వాళ్ళ కళ్ళముందే ఒక గుర్రప్పిల్లకు విత్తులు తీస్తారు. ఎత్తుగడ బాగానే ఉంది. కానీ ఆ రెండు పేజీల్లో గుర్రం ఎక్కడుందమ్మా? కత్తి తళుక్కుమంది, నెత్తురు చిమ్మింది, గుర్రం ‘ఆర్తనాదం’ చేసింది, అతనికి తన మేనేజరు గుర్తొచ్చాడు. గుర్రాన్ని తెచ్చింది నీ హీరో బాధ చెప్పడానికేనని మొదటి వాక్యంలోనే తెలిసిపోతోంది. నీ పోలిక గుర్రాన్ని మింగేసింది.

నేను కూడా ఈ తప్పు చేసినవాణ్ణే. నా మొదటి కథ కోడెదూడకు విత్తులు కొట్టడం మీదే. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. బర్డిజోతో, అంటే కొయ్యకుండా పైనుంచే నలిపే పట్టుకారుతో, వందల కోడెల పని పట్టినవాణ్ణి. అయినా కథ దగ్గరికొచ్చేసరికి చేతికి తెలిసినదంతా పక్కనపెట్టి, కోడె కళ్ళలో నీళ్ళు, ఆకాశంలో ఎర్రటి పొద్దు రాశాను. సాహిత్యమంటే అదే అనుకున్నాను. కథ అచ్చయిన వారానికి ఒక రైతు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. రెండే వాక్యాలు. ‘మీ కోడె ఏడ్చింది, బాగుంది. తాడు ఎవరు పట్టుకున్నారు?’ ఆ కార్డు చాలాకాలం దాచుకున్నాను. ఇల్లు మారినప్పుడు పోయింది.

నీ కథలోనూ తాడు ఎవరూ పట్టుకోలేదు. గుర్రం తనంతట తనే పడుకుంది.

పదేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరికి డెన్వర్ వచ్చినప్పుడు, వాళ్ళ వీధిలో ఉండే పశువుల డాక్టరు నన్ను వయొమింగ్‌లో షయాన్ ఊరి అవతల ఒక రాంచ్‌కి తీసుకెళ్ళాడు. ఆ రోజు రెండు గుర్రాలకు పని. ఏప్రిల్ చివర, చలి ఇంకా పోలేదు, ఈగలు ఇంకా రాలేదు. ఇది రాసుకో, ఎందుకంటే నువ్వు జూలై మిట్టమధ్యాహ్నం పెట్టావు. ఆ పనికి పాతవాళ్ళు రెండే కాలాలు చూసేవాళ్ళు. వసంతంలో ఈగలు రాకముందు, లేదా శరదృతువులో మొదటి మంచు పడి ఈగలు చచ్చాక. గాయాన్ని కుట్టరు. కిందికి తెరిచే వదిలేస్తారు, లోపలి చెడు కారిపోవాలి. అలాంటి గాయం మీద జూలై ఈగలు వాలితే ఏమవుతుందో పల్లెలో పెరిగిన ఎవరినడిగినా చెబుతారు. నీ కథలో డాక్టరు ‘చకచకా కుట్లు వేశాడు’ అన్నావు. అది కొట్టెయ్.

నేను చూసింది ఇంజెక్షన్ల కాలం పని. మొదట గ్జైలజీన్, తర్వాత కెటమిన్, రెండూ మత్తుమందులే. ఒక్క నిమిషంలో గుర్రం మోకాళ్ళ మీదికి వచ్చి, పక్కకు ఒరిగిపోయింది. పావుగంటలో పని అయిపోయింది. అసలు పాఠం చెప్పింది ఆ రాంచ్ ముసలాయన. ఎనభై దాటినవాడు, కంచె మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. తన చిన్నప్పుడు ఎలా చేసేవాళ్ళో నాకు తాడుతో చేసి చూపించాడు. గుర్రం బదులు నన్నే నిలబెట్టాడనుకో!

మెత్తటి లావుపాటి నూలుతాడు, నలభై అడుగులది. సగానికి మడిచి, మడత దగ్గర జారని ముడి వేసి, పలుపులాగా మెడలో వేస్తారు. ముడి జారేదైతే గుర్రం గొంతు బిగుసుకుంటుంది. రెండు కొసలూ ముందు కాళ్ళ మధ్యనుంచి వెనక్కి తీసుకెళ్ళి, వెనక కాళ్ళకు గిట్టల పైన సన్నగా ఉండే చోట చుట్టి, మళ్ళీ ముందుకు తెచ్చి మెడలో ఉన్న తాడులోంచి దూరుస్తారు. ఇప్పుడు ఇటొకడు అటొకడు కొసలు పట్టుకుని వెనక్కి లాగితే, వెనక కాళ్ళు రెండూ పొట్ట కిందికి వచ్చేస్తాయి. గుర్రం ముందు కుక్కలాగా కూర్చుంటుంది, తర్వాత పక్కకు కూలుతుంది. కూలగానే మూడోవాడు మెడ మీద మోకాలు వేసి తల పట్టుకోవాలి. తల ఎత్తనిచ్చావా, గుర్రం లేచిందన్నమాటే. కళ్ళ మీద గోనెసంచి కప్పుతారు. పైనున్న వెనక కాలు భుజం దాకా లాగి కట్టేస్తారు.

ఇంతవరకూ కత్తి బయటికే రాలేదు చూడు. ముగ్గురు మనుషులు, ఒక తాడు, ఒక గోనెసంచి. ఎవడు ఎక్కడ నిలబడ్డాడో తెలిస్తే ఎవడు భయపడుతున్నాడో కూడా తెలుస్తుంది. నీ హీరోకు ఆ తల పట్టుకునే పని ఇచ్చి చూడు. గోనె కింద గుర్రం ఊపిరి అతని ముంజేతికి వేడిగా తగులుతుంది. మేనేజరు సంగతి అప్పుడు నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు.

తర్వాత బకెట్లో మందు కలిపిన నీళ్ళతో కడుగుతారు. రెండు విత్తులూ తిత్తిలోకి దిగాయో లేదో తడిమి చూస్తారు. ఒకటి పొట్టలోనే ఉండిపోతే బుద్ధున్నవాడు ఆ రోజు కత్తి తీయడు. రెండూ ఉంటే తిత్తి చర్మం కోసి, విత్తును బయటికి లాగి, దాని తాడును ఎమాస్క్యులేటర్‌తో పట్టుకుంటారు. ఎమాస్క్యులేటర్ పెద్ద పట్టుకారులా ఉంటుంది. ఒళ్ళు వైపు నలుపుతుంది, విత్తు వైపు కోస్తుంది. నలిగిన రక్తనాళం మూసుకుపోతుంది. తిరగేసి పట్టుకుంటే మాత్రం నలిగిన ముక్క చేతిలోకి వస్తుంది, కోసిన నాళం లోపల ఉండిపోతుంది. అందుకని ఆ పట్టుకారుకు ఉన్న నట్ ఎప్పుడూ విత్తు వైపే ఉండాలని ఈ చదువు చదివే పిల్లలకు నేర్పుతారు. ఇంగ్లీషులో ఆ రెండింటికీ ఒకటే మాట, నట్. అక్కడ అదో జోకు. తెలుగులో దాన్ని తర్జుమా చేయబోకు, చచ్చి ఊరుకుంటుంది. వాళ్ళు నవ్వారని రాయి, చాలు.

ఆ పట్టుకారు రాకముందు ఎర్రగా కాల్చిన ఇనుముతో విత్తు తాడు చివర కాల్చేవాళ్ళు. లేదా రెండు చెక్క బద్దల మధ్య బిగించి వదిలేసేవాళ్ళు. మన పల్లెల్లోనూ రెండు కర్రల మధ్య పెట్టి నలగగొట్టడం ఉండేది కదా. చెక్క బద్దల సంగతి వచ్చినప్పుడు ముసలాయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అయ్యాక అందరూ నిలబడి చుక్కలు లెక్కపెడతారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కకు అందేట్టు పడుతుంటే భయం లేదు. లెక్క తప్పి ధార కట్టిందంటే మళ్ళీ పడేయాలి. నేను చూసిన రోజు ఎవరూ మాట్లాడలేదు. ముసలాయన పెదాలు మాత్రం కదులుతున్నాయి. నీ కథలో ‘నెత్తురు చిమ్మింది’ అన్న ముక్క ఉంది చూడు, దాని బదులు ఆ పెదాలు పెట్టుకో.

తర్వాత లేవడం. నువ్వు రాసిన గుర్రం ముందు నడుము ఎత్తి, తర్వాత ముందు కాళ్ళ మీద లేచింది. అమ్మాయీ, అది మీ అమ్మమ్మగారి ఊళ్ళో గేదె. గుర్రం ముందు కాళ్ళు రెండూ చాపి, తల విసిరి, ముందు భాగం లేపుకుని, ఆ తర్వాత వెనక కాళ్ళతో ఒక్క తోపు తోసి లేస్తుంది. ఈ ఒక్క తప్పుతో, గుర్రాన్ని పక్కనుంచి చూసినవాడు నీ కథ అక్కడే మూసేస్తాడు.

ఇంకో మాట. ‘అది కదలకుండా పడుకుంది, లొంగిపోయింది’ అని రాశావు. 1950లు, 60లలో అమెరికాలో గుర్రాలకు సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చి పడేసేవాళ్ళు. కండరాలు చచ్చుబడతాయి, గుర్రం కట్టెలా పడిపోతుంది. నొప్పి మాత్రం ఒక్క పిసరు తగ్గదు, తెలివి కూడా పోదు. తాడుతో పడేసిన గుర్రం కనీసం మూలుగుతుంది, తన్నుకుంటుంది. ఇది తెలిసినప్పటినుంచి ‘కదలకుండా పడుకుంది’ అని రాసేముందు నేను ఎందుకు కదల్లేదో కనుక్కుంటున్నాను. నీ హీరో ఆఫీసులో కిక్కురుమనకుండా కూర్చునే తీరు ఈ ఇంజెక్షన్‌కే దగ్గరగా ఉంది. వాడుకుంటావో లేదో నీ ఇష్టం.

ఇక పేర్లు. ‘నపుంసక అశ్వం’ అన్నావు. చదివి నవ్వాను, క్షమించు. మనకు పశువుల్లో దూడ, కోడె, గిత్త, ఆబోతు, ఎద్దు అని వయసుకొకటి, పనికొకటి పేరుంది. ఎద్దు అన్నామంటే విత్తులు కొట్టారని వేరే చెప్పక్కర్లేదు. గుర్రాల విషయంలో మనకు అంత సంసారం లేదు. వాళ్ళకుంది. మగపిల్ల కోల్ట్, విత్తులున్న పెద్దది స్టాలియన్, విత్తులు తీసింది గెల్డింగ్. కాబట్టి గెల్డింగ్ అనే రాసెయ్. మొదటిసారి వచ్చినప్పుడు పెళ్ళాం ‘అంటే మన ఎద్దు లాంటిదన్నమాట’ అంటుంది, పాఠకుడికి అర్థమైపోతుంది. వయసు కూడా సరిచెయ్. మూడు నెలల పిల్ల అన్నావు. రాంచ్‌లలో మామూలుగా ఏడాది, రెండేళ్ళు వచ్చేదాకా ఆగుతారు.

ఇంతకీ ఎందుకు చేస్తారో నువ్వు ఎక్కడా చెప్పలేదు, క్రూరత్వం కోసం చేస్తున్నట్టు ఉంది. గుర్రాల మీద బతికిన స్కైథియన్లు అనే పాతకాలపు జాతి గుర్రాలు చిన్నవే గానీ మహా చురుకైనవని, మాట వినవని, అందుకే విత్తులు తీస్తారని స్ట్రాబో అనే గ్రీకు పండితుడు రెండు వేల ఏళ్ళ కిందటే రాశాడు. రాంచ్‌లోనూ అంతే. ఇరవై గుర్రాలను ఒకే కంచెలో ఉంచి, పొద్దున్నే ఎవడు దేని మీదైనా ఎక్కి ఆవుల వెంట పోవాలంటే అన్నీ స్టాలియన్లయితే కుదరదు. కొట్టుకు చస్తాయి. రాజస్థాన్‌లో మార్వారీ మగ గుర్రాలను విత్తులతోనే సవారీకి వాడారు, నిజమే. అక్కడ లెక్క వేరు.

పైగా నీ ‘ఓడిపోయినవాడు’ అన్న అర్థం కూడా నిలబడదు. కెల్సో అనే గెల్డింగ్ 1960 నుంచి 64 దాకా వరసగా అయిదేళ్ళు అమెరికాలో ఆ ఏటి మేటి గుర్రం. 2003లో కెంటకీ డెర్బీ గెలిచిన ఫన్నీ సైడ్ కూడా గెల్డింగే. 1929 తర్వాత ఆ పందెం గెలిచిన గెల్డింగ్ మళ్ళీ అదే. నీ హీరోకు ఈ సంగతి ఎవరైనా చెబితే ఏమంటాడు? కథ అక్కడ మలుపు తిరగొచ్చు.

సాయంత్రానికల్లా గుర్రం సాధువైపోయిందని ముగించావు. అలా కాదు. ఒంట్లో ఉన్న మగతనం దిగడానికి వారాలు పడుతుంది. నెల రోజులైనా ఆడ గుర్రాల దరిదాపులకు రానివ్వరు, ఇంకా కడుపు చేయగలదు. కొన్ని ఆ తర్వాత కూడా బుద్ధి మార్చుకోవు. అలాంటిదాన్ని చూసి ‘ప్రౌడ్ కట్’ అంటారు, విత్తు పక్కనుండే ముక్క కొంచెం లోపల మిగిలిపోయిందని వాళ్ళ నమ్మకం. ఆ ముక్క హార్మోను తయారు చేయదని డాక్టర్లు ఎంత చెప్పినా ఆ మాట పోలేదు. నమ్మకాలను దిద్దబోకు, పాత్రల నోట్లో ఉండనీ.

నమ్మకమంటే గుర్తొచ్చింది. పని మొదలెట్టే ముందు ముసలాయన జేబులోంచి మడతలు పడ్డ పుస్తకం తీసి ఒక పేజీ చూశాడు. అల్మనాక్, అంటే వాళ్ళ పంచాంగం. 1792 నుంచి ఏటా వస్తున్నవి కూడా ఉన్నాయి వాళ్ళకు. చంద్రుడు వృశ్చికంలో ఉంటే ఆ పని చేయకూడదట, ఎందుకంటే వృశ్చికం మర్మస్థానాలది. మీనం మంచిది, అది పాదాలది. నాకు నోట మాట రాలేదు. మా తాత కాలపురుషుడి బొమ్మ చూపించి చెప్పిన లెక్క అదే. తల మేషం, గుహ్యం వృశ్చికం, పాదాలు మీనం. నీ కథలో పెళ్ళాం పాత్ర వాళ్ళ నాన్న పురోహితుడని మొదటి పేజీలో రాసి, తర్వాత మర్చిపోయావు. ఆ పుస్తకం ఆమె చేతికివ్వు. నాకైతే కథంతా అక్కడే ఉందనిపిస్తోంది.

ఒక చిన్న సంగతి. ధనుర్వాతం. గుర్రాలకు అది ఇట్టే పట్టుకుంటుంది, గుర్రపు లద్దె కలిసిన మట్టిలోనే ఆ క్రిమి ఉంటుంది. బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు 1890లో దానికి విరుగుడు కనిపెట్టినా, అది రాంచ్‌ల దాకా చేరడానికి కాలం పట్టింది. అందుకే పాతవాళ్ళు కొట్టంలో కాకుండా శుభ్రమైన పచ్చిక మీద పడేసేవాళ్ళు. నువ్వు లద్దె వాసన బ్రహ్మాండంగా రాశావు, కానీ ఆ వాసన అక్కడ ఉండకూడదు. జరిపి ఇంకోచోట పెట్టుకో, పారేయకు.

మర్నాడు పొద్దున్న దృశ్యం ఒకటి కలుపు. వాపు రాకుండా ఉండాలంటే గుర్రాన్ని ఊరికే నిలబెట్టి ఉంచకూడదు, కాసేపు పరిగెత్తించాలి. నేనూ ఆ రాత్రి అక్కడే ఉన్నాను. ఆరింటికి లేచేసరికి ఒక కుర్రాడు కాఫీ కప్పు కంచె గుంజ మీద పెట్టి, పొడుగు తాడు పట్టుకుని, గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతున్నాడు. గుర్రం మొదటి రెండు చుట్లు వెనక కాళ్ళు ఎడం చేసి బిగుసుకుని నడిచింది. మూడో చుట్టులో కుర్రాడి మీద కాలు విసిరింది. కుర్రాడు బూతు తిట్టి, నవ్వాడు. కాఫీ చల్లారిపోయింది.

మళ్ళీ రాసి పంపు. పీడీఎఫ్ వద్దు, అక్షరాలు పెద్దవి చేసుకునే ఫైలు ఏదైనా సరే. వచ్చే నెల ఎడమ కంటికి ఆపరేషన్ ఉంది, ఆలోపు అయితే మంచిది. మీ నాన్నకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, నేను అడిగానని చెప్పు.

ఇట్లు
మీ డాక్టరు బాబాయి