నాన్నగారికి విగ్రహం పెట్టాలా?

ప్రశ్న: మా నాన్నగారు సైన్యంలో వాహనాలు, ఆయుధాలు మరమ్మతు చేసే ఈఎంఈ విభాగంలో మెకానిక్. 1971 యుద్ధంలో పనిచేసి, హవల్దారుగా రిటైరయ్యారు. ఊరికి వచ్చాక కుర్రాళ్లను తెల్లవారకముందే లేపి కాలవగట్టు మీద పరుగెత్తించి సైన్యంలో చేర్పించేవారు. సైనికుల భార్యలకు పింఛను కాగితాలు రాసిపెట్టేవారు. ఈమధ్యే పోయారు. సంవత్సరీకం నాటికి ఊళ్లో విగ్రహం పెట్టించాలని అన్నయ్య పట్టు. అమ్మ వద్దంటోంది. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: నా ఓటు మీ అమ్మగారికే, తల్లీ. మన ఊళ్లలో సిమెంటు సైనికులందరికీ ఒకటే మీసం. మీరు పంపిన ఫొటోలో నాన్నగారికి అసలు మీసమే లేదు!

అది అలా ఉంచి, అమ్మగారికి కుటుంబ పింఛను మొదలైందా? ఆ సంగతి మీరు రాయలేదు. ఆ విభాగం వాళ్ల సర్వీసు కాగితాలు చూసే సికింద్రాబాదు ఈఎంఈ రికార్డ్స్‌ ఆఫీసులో గుమస్తాగా చేసినవాణ్ణి, అందుకే ఈ ఆరా. నాన్నగారు పోయిన విషయం సైనిక పింఛన్లు చూసే స్పర్శ్ పోర్టల్లో నమోదు చేయించారో లేదో చూడండి. పింఛను ఉత్తర్వులో, ఆధార్‌లో అమ్మగారి పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. పెళ్లయిన కొత్తలో యూనిట్‌లో ‘సత్యవతి’ అని రాయించి ఉంటారు, ఆధార్‌లో ‘సత్యవతమ్మ’ అయి ఉంటుంది. అంత మాత్రానికే ఫైళ్లు ఆగిపోతాయి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, దారి చెబుతారు. కుటుంబ పింఛనుదారుగా అమ్మగారికి మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కింద వైద్యం కొనసాగుతుంది, ఆ కార్డు వివరాలూ మార్పించండి.

ఇక జ్ఞాపకం మాట. నాన్నగారి ట్రంకుపెట్టెలో డిశ్చార్జి బుక్కు, పతకాలు ఉంటాయి. గుండ్రంగా, వెండిలా కనిపించేవాటిలో 1971 యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్ ఉంటుంది. దాని అంచును భూతద్దంతో చూడండి, ఆయన నంబరు, పేరు కనిపిస్తాయి. మెరుస్తుందని చింతపండుతో మాత్రం తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పూర్వీ స్టార్ ఉంటే తూర్పున, పశ్చిమీ స్టార్ ఉంటే పడమర యుద్ధరంగంలో పనిచేసినట్టు. మనవలను పక్కన కూర్చోబెట్టుకుని ఆ బుక్కు పేజీ పేజీ చదివించండి.

మీ అన్నయ్య ఉత్సాహాన్ని మాత్రం చల్లార్చకండి. నాన్నగారు కాగితాలు రాసిపెట్టిన ఇళ్లకు ఇప్పుడు దిక్కెవరు? ఏటా జీవన ధ్రువపత్రం కోసం ఆ ముసలివాళ్లు ఆటో కట్టించుకుని టౌనుకు పోవాలి. విగ్రహం డబ్బులో కొంత తీసి ఒక ప్రింటరు, వేలిముద్ర యంత్రం కొని, ఆదివారాలు మీ అన్నయ్యనే రామాలయం అరుగు మీద కూర్చోమనండి. కాలవగట్టు మీద పరుగంటారా, నాన్నగారు సైన్యానికి పంపిన కుర్రాళ్లు సెలవుల్లో వస్తారుగా, వాళ్లకు అప్పగించండి.