మనసు వైద్యం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రొయ్యల చెరువుల్లో నష్టం వచ్చినప్పటి నుంచి మా వారికి నిద్ర లేదు, తిండి సయించడం లేదు. కాకినాడలో చూపిస్తే డిప్రెషన్ అని పొద్దున ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, రాత్రికి క్లోనజెపామ్ 0.5 రాశారు. రాత్రి మాత్రకు హాయిగా నిద్ర పడుతోంది. పొద్దున మాత్ర పది రోజులుగా వేసుకుంటున్నా గుణం లేదు, పైగా కడుపులో తిప్పుతోందంటున్నారు. అది మానేసి రాత్రిదే వాడొచ్చా?
- ఒక గృహిణి, రాజోలు

జవాబు: వద్దమ్మా. జబ్బుకు అసలు మందు పొద్దునదే. రాత్రిది అది పనిచేయడం మొదలెట్టేదాకా ఊతం, అంతే. చాలా ఇళ్ళలో సరిగ్గా మీరు అడిగినట్టే చేస్తారు. ఆర్నెల్ల తర్వాత చూస్తే డిప్రెషన్ అలాగే ఉంటుంది, నిద్రమాత్ర అలవాటు అదనం.

ఎస్సిటలోప్రామ్ గుణం రెండు నుంచి నాలుగు వారాలకు గాని కనపడదు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి మొదటి వారం, రెండు వారాల్లో ఉండేవే. టిఫిన్ తిన్నాక వేసుకుంటే తగ్గుతాయి. ముందు నిద్ర, ఆకలి కుదుటపడతాయి, పనుల మీద ఆసక్తి చివర్లో వస్తుంది. ఆ మార్పు ఆయన కంటే ముందు మీకే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. మొదటి వారాల్లో మనసు ఇంకా కుంగి ఉండగానే ఒంట్లో ఓపిక ముందు తిరిగి రావచ్చు. చచ్చిపోవాలన్న మాటలు, కాలు నిలవని అసహనం కనపడితే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, వెంటనే చూపించండి, ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. చేల మందులు, చెరువు మందుల డబ్బాలు ఇంట్లోంచి తీసేసి వేరేచోట తాళం వేయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఏ వేళకైనా పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

క్లోనజెపామ్ మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలే. అంతకు మించితే ఒళ్ళు అలవాటు పడి అదే మోతాదు చాలదు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే మూర్ఛ రావచ్చు, కాబట్టి డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చుకోవడం ఈ మందు విషయంలో అస్సలు పనికిరాదు.

కోలుకున్నాక కూడా పొద్దున మాత్ర ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి, తర్వాతా డాక్టరే తగ్గించాలి. ఠక్కున ఆపితే తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపు, చిరాకు వస్తాయి. జబ్బు తిరగబెట్టిందని జనం కంగారుపడేది చాలాసార్లు వీటిని చూసే.

మాత్ర అప్పు తీర్చదు. అందుకే కౌన్సెలింగ్ కూడా కావాలి. ఉత్సాహం వచ్చాక చెరువు మీదకు వెళ్తారులే అని ఊరుకోకండి, వెళ్తేనే ఉత్సాహం వస్తుంది. రోజుకు రెండు చిన్న పనులు, టైముతో సహా కాగితం మీద రాయండి: ఏడింటికి గట్టు మీద పావుగంట నడక, పదింటికి మేత లెక్క. పని ముందు, తర్వాత మనసు ఎలా ఉందో పదికి మార్కులు వేయించండి.

ప్రశ్న: డిగ్రీ చదివే మా అమ్మాయి బాత్రూంలో రెండేసి గంటలు చేతులు కడుగుతోంది. మా అత్తగారు మడి అంటారు. డాక్టరు ఓసీడీ (వద్దన్నా వదలని ఆలోచనలతో చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు) అన్నారు. మాటలతో తగ్గుతుందా?
- ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: తగ్గుతుంది, కానీ ధైర్యం చెప్పే మాటలతో కాదు. మడి పూజ అయ్యాక విప్పేస్తారు, మనశ్శాంతినిస్తుంది. ఓసీడీ విడవదు, చేసే మనిషినే ఏడిపిస్తుంది.

దీనికి ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అనే పద్ధతి ఉంది, అంటే భయపడేదాన్ని ముట్టుకుని, కడుక్కోకుండా ఆగడం. మామూలుగా 12 నుంచి 20 సిట్టింగులు. అమ్మాయే తన భయాలకు నూటికి మార్కులు వేస్తుంది: గేటు గడియ 30, బస్సు కమ్మీ 50, చెప్పులు 70, బాత్రూం నేల 90. ముప్పైతో మొదలు. గడియ పట్టుకోవాలి, కడుక్కోకూడదు. ఐదు నిమిషాలకోసారి ఎంత కంగారుగా ఉందో రాసుకోవాలి. ముందు పెరుగుతుంది, తర్వాత కడగకుండానే దిగుతుంది, కొన్నిసార్లు గంట పట్టొచ్చు. ఆ మెట్టు తేలికయ్యేదాకా రోజూ అదే చేసి, తర్వాతే బస్సు కమ్మీ.

చెడేది ఎక్కడంటే, తొందరపడి 90తో మొదలెట్టడం, చాటుగా శానిటైజర్ రాసుకోవడం. మూడోది మీ వల్ల: "అమ్మా, ఏం కాదు కదా?" అంటే "ఏం కాదులే" అంటారు. ఆ మాటా ఒక కడుగుడే, కాసేపటికి మళ్ళీ అడుగుతుంది. "దీనికి జవాబు చెప్పకూడదని మనం అనుకున్నాం కదా" అనండి. ఈ ఒప్పందం ముందే, సైకాలజిస్టు ఎదుట జరగాలి. ఉన్నట్టుండి కుళాయి కట్టేస్తే గొడవే మిగులుతుంది.

చికిత్స చేసేవారు క్లినికల్ సైకాలజిస్టేనా, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరయ్యారా అని అడగండి. వాళ్ళు మందులు రాయరు, అది సైకియాట్రిస్టు పని. ఓసీడీకి ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటివి డిప్రెషన్‌కంటే తరచు పెద్ద మోతాదులో కావాలి, 10 నుంచి 12 వారాలు చూడనిదే పనిచేయలేదనకూడదు.

ప్రశ్న: మా తమ్ముడు బైపోలార్‌కు (మనసు కొన్నాళ్ళు మరీ ఉప్పొంగి, కొన్నాళ్ళు కుంగిపోయే జబ్బు) లిథియం వాడుతున్నాడు. ఎండాకాలం చెరువు పనిలో ఒళ్ళు నొప్పులకు మాత్రలు వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు, అవి లిథియంను ఒంట్లో నిలవ చేస్తాయి, అది మితిమీరితే విషమవుతుంది. చెమట, విరేచనాలతో నీరు తగ్గినా అంతే. ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. కొన్ని బీపీ మాత్రలతోనూ ఇదే తంటా, కొత్త డాక్టరు దగ్గరకు వెళ్ళినా లిథియం సంగతి ముందు చెప్పాలి.

రక్తంలో లిథియం సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. వేసుకుని వెళ్తే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), థైరాయిడ్ పరీక్షలు ఆరు నెలలకోసారి. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం, మాట ముద్దగా రావడం కనపడితే తర్వాతి మాత్ర ఆపి అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా అన్నయ్య మానసిక జబ్బుకు రాసిన మాత్రలు వేసుకోనంటున్నాడు. చారులో కలిపి పెట్టొచ్చా?
- తణుకు

జవాబు: తెలిసిన రోజున మందుతో పాటు తిండీ మానేస్తాడు. మెల్లగా కరిగేలా చేసిన మాత్రలను నూరితే మందంతా ఒక్కసారే దిగుతుంది. వద్దనడానికి కారణం ముందు కనుక్కోండి: మగతా, బరువా, వణుకా? వాటికి మందు మార్చొచ్చు. రోజూ మింగడమే బాధైతే రెండు వారాలకో నెలకో ఒకసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. ఆ సంగతి డాక్టరు అతనికే చెప్పేలా చూడండి.