“లైనప్ ఫుల్” అంటే కథ నచ్చలేదని కాదు

చెన్నై వడపళనిలో ఒక సినిమా నిర్మాణ సంస్థ మీ కథ విని “వచ్చే ఏడాది దాకా లైనప్ ఫుల్” అందని రాశారు కదా. అది సాకు కాకపోవచ్చండీ. లైనప్ అంటే వాళ్లు వరుసగా తీయబోయే సినిమాల లిస్టు. అది చాలాసార్లు కథతో కాదు, హీరో కాల్షీట్లతో, అంటే ఆయన షూటింగ్‌కి ఇచ్చే తేదీలతో మొదలవుతుంది. సంక్రాంతి, వేసవి, దసరా రిలీజ్ తేదీలకు ముందే కర్చీఫ్ వేసేస్తారు. తమిళ సినిమాలకైతే దీపావళి కూడా. ఓటీటీ బేరం తెగక ఒక సినిమా ఆగిందంటే దాని తర్వాతివి కూడా వెనక్కి జరుగుతాయి. అందుకే రెండు పెద్ద సినిమాల మధ్య చిన్నదొకటి దూర్చుకుంటారు. మీరు పట్టుకోవాల్సింది ఆ ఖాళీనే. రెండు పేజీల సినాప్సిస్‌తో (కథ సారాంశంతో) పాటు ఎన్ని రోజుల షూటింగ్, ఎన్ని లొకేషన్లు అన్నదీ రాసివ్వండి. వాళ్లు రిలీజ్ టెన్షన్‌లో ఉన్నప్పుడు మాత్రం వెళ్లకండి. చెన్నైలోనే సాలిగ్రామంలో ఒక ఆఫీసుకు నేనలాగే వెళ్లి, మూడు గంటలు కూర్చుని, రెండు ఫిల్టర్ కాఫీలు తాగి తిరిగొచ్చాను.