సైలెన్సర్ మార్చబోతున్న అల్లుడికి

ఆటోనగర్,
విజయవాడ

ఒరేయ్ అల్లుడూ,

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, వాడు ఏదో పాత లారీ కొన్నాడట, దాని కిందకి దూరి గొట్టాలన్నీ ఊడదీస్తాడట, నువ్వైనా చెప్పు" అని ఒకటే గోల. లారీ కాదమ్మా, పికప్ అని చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, నువ్వు పంపిన ఫోటోలు రాత్రి పదకొండింటి దాకా చూస్తూనే ఉన్నాను. 2002 ఫోర్డ్ ఎఫ్-150, 5.4 లీటర్ల వి8. మా షెడ్డుకొస్తే గ్రీజు అంటుతుందని స్టూలు మీద కాళ్లు ముడుచుకుని కూర్చునే పిల్లాడివి నువ్వు. ఇప్పుడు సొంతంగా పానా పట్టుకుంటానంటే నాకెలా ఉంటుందో నువ్వే ఊహించుకో. మీ అత్తయ్యకి మూడుసార్లు చూపించాను.

సరే, పనిలోకొద్దాం.

బండి కిందకి వెళ్లేముందు రెండు స్టాండ్లు పెట్టు. ఒక్క జాకీ మీద బండిని నిలబెట్టి కింద పడుకున్నావని తెలిస్తే అక్కడికొచ్చి మరీ తంతాను. కళ్లద్దాలు పెట్టుకో, తుప్పు కళ్లలోనే రాలుతుంది. బండి పూర్తిగా చల్లారాకే ముట్టుకో. వెల్డింగ్ చేయించాల్సి వస్తే ముందు బ్యాటరీ వైరు తీసేయి.

మీ మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, బందరు బళ్లకీ నీ బండికీ ఆ విషయంలో తేడా ఏమీ ఉండదు. సముద్రం గాలికి సైలెన్సర్ బోల్టులు కరిగి బెల్లం ముక్కల్లా అయిపోయేవి. మేం ముందు రోజు సాయంత్రమే కిరోసిన్ పోసి వదిలేసేవాళ్లం. మీ దగ్గర తుప్పు వదిలించే స్ప్రే డబ్బాలు దొరుకుతాయి, వరసగా రెండు రోజులు కొట్టు. తొందరపడి తిప్పితే బోల్టు తల విరుగుతుంది. పైపు వేలాడే రబ్బర్లకి సబ్బునీళ్లు రాస్తే జారి వచ్చేస్తాయి. పాత రబ్బర్లు మళ్లీ వాడకు.

ఇంకో సంగతి. నీ ఇంజినులో మానిఫోల్డ్ స్టడ్లు, అంటే ఇంజిను నుంచి పొగ బయటికొచ్చే మొదటి గొట్టాన్ని పట్టి ఉంచే బోల్టులు, విరగడం మామూలు జబ్బు. తెల్లవారుజామున, చల్లటి ఇంజిను స్టార్ట్ చేసి, బానెట్ తెరిచి విను. టిక్ టిక్ టిక్ మని వినబడి, వేడెక్కాక తగ్గిపోతే అదే. అప్పుడు వెనక ఎంత ఖరీదైన పైపు వేసినా దండగే, లీకు ముందరే ఉంది. ఆ పని మాత్రం నువ్వు చేయకు, షాపులో ఇచ్చేయి. విరిగిన స్టడ్డు తీయడం మొదటిసారి పట్టుకున్నవాడి పని కాదు.

పొగలో విషం తగ్గించే డబ్బా ఉంటుంది చూడు, క్యాటలిటిక్ కన్వర్టర్, దాని జోలికి వెళ్లకు. అది తీసేస్తే అక్కడ చట్టం ఒప్పుకోదు, పైగా దాని వెనక ఉన్న సెన్సర్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. దాని తర్వాత నుంచి చివరిదాకా మార్చుకో. స్టెయిన్‌లెస్ తీసుకో. 409 రకమైనా పరవాలేదు, పైపైన గోధుమ రంగు తుప్పు వస్తుంది గానీ లోపల నిలబడుతుంది. 304 అయితే ఇంకా మంచిది, డబ్బులు నీవి. పైపు లావు మూడంగుళాలు దాటొద్దు. లావు పెరిగేకొద్దీ బలం పెరుగుతుందని ఎవడో చెప్పి ఉంటాడు. పొగ వేగం తగ్గిపోయి, తక్కువ స్పీడులో బండి లాగడం మానేస్తుంది. రెండు గొట్టాలు కావాలని రాశావు. ఒక్కటి చాలు. రెండోది వేస్తే పెట్రోల్ ట్యాంకు పక్క నుంచి పోవాలి, నాకది ఇష్టం లేదు.

ఇక అసలు విషయం. నీ మెసేజ్‌లో ఒక మాట రాశావు. సైలెన్సర్ దాటగానే పైపుని వెనక యాక్సిల్ ముందరే కిందకి వంచి ఆపేస్తాను, సౌండ్ బాగుంటుంది, పైపు ఖర్చూ మిగులుతుంది అని. ఆ మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు. పైగా వెనక తొట్టికి ఫైబర్ టాప్ బిగించి, క్యాంపింగ్‌కి వెళ్లినప్పుడు పిల్లల్ని అందులో పడుకోబెడతావట.

1979లో శివరాత్రికి శ్రీశైలం వెళ్లాం. అప్పటికి నాకు ఇరవై, పని నేర్చుకుని నాలుగేళ్లు, అన్నీ తెలుసనుకునే వయసు. మా ఓనరు దగ్గర పెట్రోల్ జీపు, క్యాన్వాస్ టాపుది, అడిగి తీసుకున్నాను. బయల్దేరే ముందు రోజు చూస్తే వెనక పైపు తుప్పుపట్టి విరిగి వేలాడుతోంది. కొత్త ముక్క కొని అతికించడానికి టైమూ లేదు, డబ్బూ లేదు. యాక్సిల్ ముందరే రంపంతో కోసేశాను. పొగ ఎలాగూ బండి వెనక్కే పోతుంది కదా అనుకున్నాను. జీపు గుర్రుమంటుంటే గర్వంగా కూడా ఉంది, అబద్ధం ఎందుకు.

మా నాన్న, అమ్మ, మీ అమ్మ, పిన్ని, ఆవిడ ఇద్దరు పిల్లలు వెనక కూర్చున్నారు. మీ అమ్మకి పన్నెండేళ్లు. వినుకొండ, మార్కాపురం దాటి దోర్నాల చేరేసరికి చీకటి పడింది. నల్లమలలో చలి. పక్క క్యాన్వాసులు తాళ్లతో బిగించాం, వెనక తెర మాత్రం సగం వదిలేశాం, గాలాడాలని. ఘాటు ఎక్కడం మొదలుపెట్టాక పిన్ని పిల్లలిద్దరూ వాంతులు. మా అమ్మకి తలనొప్పి. ఘాట్ రోడ్డు మలుపులకి తిప్పుతోందని అందరం అనుకున్నాం. నాన్న నిమ్మకాయ కోసి వాసన చూపించాడు. నేను ముందు డ్రైవర్ సీట్లో, తలుపుల్లేని జీపు, మొహం మీద చల్లగాలి. నాకేం కాలేదు. మీ అమ్మ అసలు మాట్లాడలేదు. నిద్రపోయిందిలే అన్నారు.

శిఖరం దగ్గర ఆపాను. అక్కడ ఆగకుండా ఎవరూ ముందుకు వెళ్లరు కదా, నంది కొమ్ముల మధ్య నువ్వులు పోసి, శ్రీశైలం గుడి శిఖరం కనబడుతుందేమో చూడాలి. అందరూ దిగారు. మీ అమ్మ దిగలేదు. నాన్న లేపితే తల పక్కకి వాలిపోయింది. నేను చేతుల మీద ఎత్తుకుని బయటికి తెచ్చి రాతి మెట్ల మీద పడుకోబెట్టాను. ఎంతసేపో నాకు గుర్తులేదు, తర్వాత కళ్లు తెరిచి వాంతి చేసుకుంది. శిఖరం చూస్తే పునర్జన్మ ఉండదంటారు. మీ అమ్మకి అక్కడే ఇంకో జన్మ దొరికింది. ఆ మిగిలిన కొద్ది దూరం కూడా ఆగకుండా వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో నేను తల్చుకోను.

తిరుగు ప్రయాణంలో తెరలన్నీ విప్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా నాకు అర్థం కాలేదు చూడు. షెడ్డుకొచ్చాక పెద్ద మేస్త్రి వెనక తెర లోపలివైపు మసి చూసి, "పైపు ఎక్కడ ఆపావురా?" అన్నాడు. చూపించాను. నన్ను తిట్టలేదు. జీపు వెనక కూర్చోబెట్టి, తెర సగం దించి, ఇంకొకడి చేత నడిపించి, బీడీ వెలిగించి చెయ్యి బయటకి చాపాడు. పొగ వెనక్కి పోతుందనుకున్నాను. తిన్నగా లోపలికి, నా మొహం మీదకి వచ్చింది. నడిచే బండి వెనక గాలి పల్చబడి, బయటి గాలిని లోపలికి లాక్కుంటుందని ఆ రోజు తెలిసింది.

బండి పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. రక్తంలో ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, వాంతులు, నిద్ర, అంతే. నీ బండికి క్యాటలిటిక్ ఉంది కాబట్టి ఆ జీపంత విషం రాదంటావు, నాకు తెలుసు. చల్లటి ఇంజినుకి అది సరిగ్గా పనిచేయదు, వేడెక్కాలి. నీ ఊళ్లో చలి సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు.

అందుకని పైపు యాక్సిల్ మీదుగా వెళ్లి, వెనక చక్రం దాటి, బాడీ అంచు బయటికి రావాలి. లోపల ఎక్కడా ఆగకూడదు. బండి నడుస్తున్నప్పుడు గానీ, ఆగి ఇంజిను తిరుగుతున్నప్పుడు గానీ పిల్లలు టాపులో ఉండకూడదు. రాత్రి చలేసిందని ఇంజిను ఆన్ చేసి పడుకోవద్దు, దుప్పట్లు కొనుక్కో. మంచు కురిస్తే ముందు పైపు నోరు తవ్వి, తర్వాత స్టార్ట్ చేయి. గ్యారేజీ తలుపు తెరిచే ఉంది కదా అని లోపల నడపొద్దు, ఇంటికీ దానికీ మధ్య ఉన్నది ఒక్క చెక్క తలుపు. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి టాపులో, ఒకటి ఇంట్లో పెట్టు.

బిగించేటప్పుడు ముందు నుంచి వెనక్కి అన్నీ వదులుగా తగిలించి, దేనికీ తగలకుండా అంగుళం ఖాళీ చూసుకుని, ఆఖరున టైట్ చేయి. బ్రేకు పైపులు, స్పేర్ టైరు ప్రత్యేకంగా చూడు. స్టార్ట్ చేసి, చివర మందపాటి గుడ్డ అదిమిపట్టి, జాయింట్ల దగ్గర బుస్సుమనే చప్పుడు వస్తోందేమో విను. మొదట కాసేపు పొగ వస్తుంది, పైపుకున్న నూనె అది, కంగారుపడకు. ఓ వంద మైళ్లు తిరిగాక క్లాంపులు మళ్లీ బిగించు.

పైపు నేను కోశానని మీ అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఘాట్ రోడ్డంటే పడదని ఆవిడ ఈనాటికీ తిరుమల కొండ కూడా మెట్లెక్కే వెళ్తుంది. నువ్వేం చెప్పకు. పండక్కి వస్తుంది కదా, నేనే చెప్తాను.

పని అయ్యాక పైపు చివర ఫోటో పంపు, పక్క నుంచి తీసింది. సౌండ్ కూడా రికార్డు చేసి పంపు, వింటాను.

మీ మావయ్య