డాక్టర్ సలహా: అత్తగారు నన్ను దొంగ అంటున్నారు, కోపం ఆపుకోలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 47. మా అత్తగారికి 76 ఏళ్లు. మామగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. ఏడాదిన్నరగా వస్తువులు ఎక్కడో పెట్టి మరచిపోతున్నారు, చెప్పిందే మళ్లీ చెబుతున్నారు. ఆరు నెలల నుంచి ‘నా గాజులు నువ్వే తీశావు, నా డబ్బులు నువ్వే దాచావు’ అంటున్నారు. వెతికి చూపిస్తే ఆ పూటకు ఊరుకుంటారు, మర్నాడు మళ్లీ అదే మాట. ఈమధ్య పక్కింటివాళ్ల ముందు దొంగ అన్నారు. నేనూ గట్టిగా అరుస్తున్నాను. ఒకరోజు చెయ్యి పట్టుకుని లాగి బీరువా ముందు నిలబెట్టాను. ఆ రాత్రంతా ఏడ్చాను. మావారు ‘పెద్దావిడ, పట్టించుకోకు’ అంటారు. పుణెలో ఉన్న ఆడపడుచు ఫోన్ చేసి ‘అమ్మ ఊరికే అలా ఎందుకు అంటుంది?’ అని అడిగింది. ఇరవయ్యేళ్లలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది లేదు. అయినా ప్రేమగా చూసుకోవాలనే ఉంది. నా కోపం తగ్గడానికి మందు ఏదైనా ఉందా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ కోపానికి మందు అడిగారు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు డాక్టరుకు చూపించవలసింది మీ అత్తగారిని. ఉత్తరం చదివి జబ్బును నిర్ధారించడం సాధ్యం కాదు. కానీ ఏడాదిన్నరగా పెరుగుతున్న మతిమరుపు, చెప్పిందే చెప్పడం, వస్తువు కనబడకపోతే దొంగతనం అంటగట్టడం ఒకే మనిషిలో కలిసి కనిపిస్తే మేము మొదట అనుమానించేది డిమెన్షియానే, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా క్షీణించే జబ్బునే. అందులోనూ ఎక్కువగా కనిపించే అల్జీమర్స్‌ను. ‘నా వస్తువులు ఎత్తుకుపోతున్నారు’ అన్న అపోహ ఆ జబ్బులో చాలా మామూలు. మా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో కోడళ్లు, కూతుళ్లు, పనిమనుషులు మీరు పడుతున్న నిందనే పడుతుంటారు.

ఆవిడ అలా ఎందుకు అంటున్నారో తెలిస్తే మీ కోపంలో కొంత భాగం దానంతట అదే తగ్గుతుంది. కొత్త సంగతులను గుర్తుంచుకోవడానికి తోడ్పడే, మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం ఈ జబ్బులో ముందుగా దెబ్బతింటుంది. గాజులు తీసి దిండు గలీబులో దాచిన సంగతి ఆవిడ మెదడులో అసలు నమోదే కాలేదు. తనకు గాజులు ఉన్నాయన్న పాత జ్ఞాపకం మాత్రం పదిలంగా ఉంది. నిన్నటిదాకా ఉన్న గాజులు ఇవాళ లేవు, తాను తీసిన గుర్తు లేదు. అలాంటప్పుడు ఆవిడకు తోచే సమాధానం ఒక్కటే: ఎవరో తీశారు. ఆ ఎవరో ఎవరు? రోజంతా ఇంట్లో ఎదురుగా తిరిగే మనిషి. పుణెలో ఉన్న కూతురి మీదికి ఆ నింద వెళ్లదు. అన్నం పెట్టి, స్నానానికి నీళ్లు తోడే మీ మీదికే వస్తుంది. తన జ్ఞాపకం చెడిపోయిందన్న సంగతి కూడా చాలామంది రోగులకు తెలియదు, అదీ జబ్బులో భాగమే. కాబట్టి ఆవిడ అబద్ధం ఆడటం లేదు. మనసారా నమ్మే ఆ మాట అంటున్నారు.

ఈ అనుమానం మన ఇళ్లలోని అత్తాకోడళ్లకే పరిమితం కాదు. ఈ జబ్బుకు పేరు తెచ్చిన మొదటి రోగి జర్మనీ మహిళ. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో డాక్టర్ అలోయిస్ అల్జీమర్ ఆమెను పరీక్షించారు. అప్పుడు ఆమెకు 51 ఏళ్లు. ఇంట్లోవాళ్లు మొదట గమనించిన మార్పుల్లో ముఖ్యమైనది భర్త మీద కారణం లేని అనుమానం. 1906లో ఆమె చనిపోయాక మెదడును పరిశీలించి, అందులో కనిపించిన మార్పులను ఆయన తోటి వైద్యులకు వివరించారు. ఆ భర్త కూడా మీలాగే ఎన్నిసార్లు సంజాయిషీ చెప్పుకుని ఉంటాడో.

సంజాయిషీ దగ్గరే అసలు చిక్కు ఉంది. నింద పడగానే నిర్దోషినని నిరూపించుకోవాలనిపించడం సహజం. మీరు బీరువా తెరుస్తారు, గాజులు చూపిస్తారు, ‘నేను తీశానా? ఇప్పుడు చెప్పండి’ అని అడుగుతారు. ఆ రుజువు ఆవిడ మెదడులో నిలవదు. మర్నాటికి నీటిమీద రాత. కానీ మీ గొంతులోని కోపం, చెయ్యి లాగినప్పటి భయం అంత తొందరగా చెరిగిపోవు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అల్జీమర్స్ రోగులకు విషాద దృశ్యాలు, సరదా దృశ్యాలు చూపించి, 2014లో ఆ ఫలితాలను ప్రచురించారు. చూసినదాన్ని రోగులు మరచిపోయినా, అది కలిగించిన దుఃఖమో సంతోషమో వాళ్లలో ఇంకా మిగిలే ఉంది. అంటే మీరు గెలిచిన ప్రతి వాదన ఆవిడకు కారణం తెలియని దిగులుగా మిగులుతుంది. ఆ దిగులే మరో అనుమానానికి దారి తీస్తుంది. మీరు మెత్తగా మాట్లాడిన ప్రతిసారీ ఆ మెత్తదనమూ అలాగే మిగులుతుంది. అందుకే శాంతంగా ఉండమని చెప్పడం నా దృష్టిలో నీతిబోధ కాదు, ఈ జబ్బుకు చేసే చికిత్సలో ముఖ్యమైన భాగం.

ఇక మీ శరీరం సంగతి. ‘దొంగ’ అన్న మాట చెవిన పడగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, దవడ బిగుస్తుంది, ఆలోచన ఇరుకైపోతుంది. ఎంత మంచి మనిషికైనా ఆ క్షణంలో ప్రేమ గుర్తుకు రాదు. ఆ ఉద్రేకం తగ్గడానికి ఇరవై నిమిషాలో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. కాబట్టి ఆ నిమిషంలో ప్రేమ పుట్టుకురావాలని మిమ్మల్ని మీరు వేధించుకోకండి. నోరు విప్పకుండా ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికంటే నెమ్మదిగా వదలండి. నాలుగైదు సార్లు చాలు. తర్వాత అనవలసిన మొదటి మాటను ముందే కంఠస్థం చేసి ఉంచుకోండి. మొదటి మాట సిద్ధంగా ఉంటే మిగతావి దాని వెనక వస్తాయి.

ఆ మాట నిందకు జవాబు కాకూడదు, ఆవిడ ఆందోళనకు జవాబు కావాలి. ‘అయ్యో, గాజులు కనబడటం లేదా అత్తయ్యా? మామయ్యగారు చేయించినవి కదా, కంగారుగానే ఉంటుంది. పదండి, ఇద్దరం వెతుకుదాం.’ ఇందులో మీరు నేరం ఒప్పుకోలేదు, కాదని వాదించనూ లేదు. ఆవిడ పక్కన నిలబడ్డారు. కొందరు గొడవ తెగిపోతుందని ‘సరే, నేనే తీశాను, వదిలేయండి’ అంటారు. అలా ఎప్పుడూ అనకండి. ఆ మాట గుర్తుంటే అనుమానం గట్టిపడుతుంది, పైగా అది మీ ఆత్మగౌరవానికి దెబ్బ. వెతికేటప్పుడు వస్తువు మీ కంటపడినా మీరు తీయకండి, ఆవిడ చేతికే తగిలేలా చూడండి. దొరికాక ‘నేను చెప్పానా’ అన్న మాట వద్దు. ‘హమ్మయ్య, దొరికాయి’ అని గాజుల మీదికి మాట మళ్లించండి. ఎవరి పెళ్లికి చేయించారు, ఏ ఊరి కంసాలి చేశాడు అని అడగండి. పాత సంగతులు ఆవిడకు ఇంకా బాగా గుర్తుంటాయి. గుర్తున్నవి చెప్పేటప్పుడు ఆవిడ మళ్లీ ఇంటి పెద్దగా మాట్లాడతారు.

నింద పుట్టే సందర్భాలను కూడా తగ్గించవచ్చు. అసలు బంగారం మీవారు, ఆడపడుచు ఇద్దరికీ తెలిసేలా బ్యాంకు లాకర్‌లో పెట్టించి, వాటిని పోలిన గిల్టు గాజులు ఆవిడ దగ్గర ఉంచండి. కళ్లజోడు, పర్సు రెండేసి ఉంటే మంచిది. పర్సులో కొన్ని పది, ఇరవై రూపాయల నోట్లు పెట్టండి. డబ్బు చేతిలో లేకపోవడం ఆ తరం స్త్రీలకు పెద్ద భయం. ఆవిడ దాచే చోట్లు రెండు మూడే ఉంటాయి, గమనించి పెట్టుకోండి: దిండు గలీబు, బియ్యం డబ్బా, మడత చీరల మధ్య, దేవుడి పటాల వెనక. చెత్త పారబోసే ముందు బుట్టలోకి ఒకసారి చూడండి. సాయంత్రం చీకటి పడే వేళకు ఇలాంటివాళ్లలో కంగారు పెరగడం మామూలే. దీపాలు ముందే వేసి, ఆ సమయంలో చిక్కుడుకాయలు ఒలవడంలాంటి చేతిపని ఇచ్చి చూడండి.

ఇంత రాశాక కూడా మీ మనసులో ఒక ప్రశ్న మిగిలి ఉంటుందని నాకు తెలుసు. ఇరవయ్యేళ్లలో ఒక్క మంచిమాట అనని మనిషిని ఇప్పుడు షరతులు లేకుండా ప్రేమించడం ఎలా? నా సమాధానం నచ్చకపోవచ్చు, అయినా చెబుతాను. పాత గాయాలను మరచిపోనక్కరలేదు. ఆవిడ క్షమాపణ చెబుతారని ఎదురుచూడనూ వద్దు, ఆ అవకాశాన్ని జబ్బు తీసుకుపోయింది. ఆవిడ మెచ్చుకోవాలి, ఇవాళ చేసినది రేపటికి గుర్తుంచుకోవాలి అన్న షరతులు పెట్టుకుంటే రోజూ మీరే ఓడిపోతారు. ఆ షరతులు వదిలేసి, గొంతు తగ్గించి మాట్లాడటం, వేడి అన్నం పెట్టడం, తల దువ్వడం చేస్తే అదే ప్రేమ. లోపల ఆప్యాయత పొంగకపోయినా ఆవిడకు అందేది ప్రేమే. కొందరికి కొన్నాళ్లకు ఆ ఆప్యాయత కూడా కలుగుతుంది, కొందరికి కలగదు. కలగనివాళ్లు చేసిన సేవకు విలువ తక్కువేమీ కాదు.

చెయ్యి లాగిన విషయం దాచకుండా రాశారు. దాన్ని తేలిగ్గా తీసుకోను. ఆ వయసులో ఎముకలు పెళుసుగా ఉంటాయి, ఒక్కసారి పడితే తుంటి విరగవచ్చు. చేతులు బిగుసుకుంటున్నాయని తెలిసిన వెంటనే, ఆవిడకు అపాయం లేకుండా కూర్చోబెట్టి, ‘మంచినీళ్లు తెస్తాను అత్తయ్యా’ అని చెప్పి గది బయటకు వచ్చేయండి. ఇంకొకసారి అలా జరిగితే మాత్రం మీరు ఒంటరిగా ఆవిడను చూసుకునే పద్ధతి ఆ రోజుతో ఆగాలి, మరో మనిషి తోడు రావాలి.

పరీక్షల విషయానికి వస్తే, న్యూరాలజిస్టుకో మానసిక వైద్యులకో చూపించండి. మతిమరుపులా కనిపించే ప్రతిదీ అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, డిప్రెషన్ కూడా ఇలా కనిపిస్తాయి, వీటికి చికిత్స ఉంది. శాకాహారుల్లో, షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడేవాళ్లలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. బీపీకి వాడే కొన్ని మాత్రలతో సోడియం తగ్గినా మనిషి తికమకపడతారు. రక్తపరీక్షలు, మూత్రపరీక్ష, మెదడు స్కాన్ చేయిస్తారు. జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే చేస్తారు. ఆవిడ వాడే మందులన్నీ సంచిలో వేసి తీసుకెళ్లండి, జలుబుకు, నిద్రకు కొన్నవి కూడా. వాటిలో కొన్ని మతిమరుపును పెంచుతాయి. చెవులు, కంటి శుక్లాలు కూడా చూపించండి. సరిగా వినబడకపోతే పక్కగదిలో మీరు మాట్లాడుకునేది తన గురించేనని అనిపిస్తుంది. ఎప్పుడైనా ఒకటి రెండు రోజుల్లోనే తికమక హఠాత్తుగా పెరిగినా, మత్తుగా ఉన్నా, తలకు దెబ్బ తగిలాక మాట, నడక మారినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అల్జీమర్స్ అని తేలితే డోనెపెజిల్, మెమాంటిన్ వంటి మందులు కొంతవరకు సాయపడతాయి, జబ్బును ఆపలేవు. అనుమానం తగ్గడానికి ‘ఏదైనా ఒక మాత్ర రాయండి’ అని చాలామంది అడుగుతారు. అలాంటి అపోహలకు వాడే యాంటీసైకోటిక్ మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణం ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. ఆవిడకుగానీ ఇతరులకుగానీ ప్రమాదం ఉన్నప్పుడు, మిగతా మార్గాలు పనిచేయనప్పుడు తక్కువ మోతాదులో కొద్దికాలం వాడతాం. డాక్టరుకు చెప్పకుండా అలాంటి మాత్రలు అన్నంలో కలిపి పెట్టడం మాత్రం చేయవద్దు.

ఇప్పుడు మీ కోపం. దానికంటూ మాత్ర లేదు. కానీ 47 ఏళ్ల వయసులో నెలసరి ఆగే ముందు వచ్చే మార్పులు, నిద్రలేమి, థైరాయిడ్, డిప్రెషన్ కోపాన్ని పెంచుతాయి. రాత్రంతా ఏడ్చానని రాశారు. రెండు వారాలకు పైగా ఏదీ బాగనిపించకపోయినా, నిద్ర, ఆకలి చెడినా, ఇక బతకడం ఎందుకు అనిపించినా మీరు కూడా డాక్టరును కలవాలి. మానసిక ఆరోగ్యంపై ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధుల సంరక్షణపై సలహాకు ఎల్డర్ లైన్ 14567 ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు.

చివరగా మీవారికి, మీ ఆడపడుచుకు ఈ జవాబు చదివి వినిపించండి. ‘పట్టించుకోకు’ అన్నది సాయం కాదు. తల్లిదండ్రుల సంరక్షణపై 2007లో వచ్చిన చట్టం ‘పిల్లలు’ అన్నప్పుడు కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని చెప్పింది, కోడలి పేరు అందులో లేదు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం మీవారి పని. రోజూ సాయంత్రం రెండు గంటలు, వారానికి ఒక పూర్తి పూట తల్లి దగ్గర ఆయనే ఉండాలి, ఆ సమయం పూర్తిగా మీది. పక్కింటివాళ్లకు ఇది జబ్బు అని చెప్పవలసింది కూడా ఆయనే. కొడుకు నోట వింటేనే వాళ్లు నమ్ముతారు. ఆడపడుచును పది రోజులు వచ్చి ఉండమనండి. అన్ని రోజులు తల్లితో గడిపితే ఆ అనుమానం తన మీదికీ రావచ్చు. అప్పుడు ఆమెకు కోపం వస్తే, ‘నీకూ ఇలాగే ఉందా?’ అని మాత్రమే అడగండి.