ఆదివారం సాయంత్రం వాణ్ని ఏమీ అడగొద్దు

ప్రశ్న: మేం విడిగా ఉంటూ రెండేళ్లయింది. బాబుకి ఏడేళ్లు. ప్రతి ఆదివారం వాళ్ల నాన్న తీసుకెళ్లి సాయంత్రం దింపుతారు. వచ్చాక వాడు సరిగా తినడు, కడుపునొప్పి అంటాడు. అక్కడ ఏం జరిగిందో మా అమ్మ ఎంత అడిగినా చెప్పడు. ఆయన రెండు నెలలుగా డబ్బు కూడా ఇవ్వట్లేదు. ఇకనుంచి నెలకు ఒక్కసారే పంపుతానని చెప్పొచ్చా?

జవాబు: చెప్పకండి. డబ్బు సంగతి వేరు, బిడ్డను చూసే సంగతి వేరు. కోర్టు ఈ రెండిటినీ ముడిపెట్టదు. రావలసిన మనోవర్తిని లాయర్ ద్వారా గట్టిగా అడగండి, రూపాయి కూడా వదులుకోవద్దు. అందుకోసం ఆదివారాలు ఆపితే మాత్రం తప్పు మీ మీదికొస్తుంది.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఒక్క మాటే: ‘అమ్మ ఎంత అడిగినా చెప్పడు’. ఏమడుగుతున్నారావిడ? ‘ఇంటికి ఎవరొచ్చారు, మీ అమ్మ గురించి నాన్న ఏమన్నాడు’... ఇవేగా? బాగా గడిచిందంటే మీ ముఖాలు చిన్నబోతాయని వాడికి తెలుసు. బాగాలేదంటే నాన్న మీద చాడీ చెప్పినట్టు. ఏడేళ్లవాడు ఆ టెన్షన్‌ని మాటల్లో చెప్పలేడు, చాలాసార్లు అది కడుపునొప్పిగానే బయటపడుతుంది. ఒకసారి డాక్టరుకు చూపించండి. వెళ్లడానికే భయపడుతున్నా, ఒంటిమీద దెబ్బలు కనిపించినా అది వేరే విషయం, వెంటనే లాయర్‌తో మాట్లాడాలి. మీరు అలాంటిదేమీ రాయలేదు.

కూతురి కాపురం చెదిరితే ఏ తల్లికి కడుపు మండదు? కష్టంలో మిమ్మల్ని కడుపులో పెట్టుకున్నారు, ఆ రుణం తీరేది కాదు. అయితే అది మీ రుణం. ఆవిడ కోపాన్ని మీ అబ్బాయి మోయనక్కర్లేదు. వాడు ఇంట్లో లేనప్పుడు మీరే కూర్చోబెట్టి చెప్పండి, ‘అమ్మా, వాణ్ని ఏమీ అడగొద్దు’ అని. అలుగుతారు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. అయినా చెప్పండి. విడిగా ఉండాలన్నంత పెద్ద నిర్ణయం తట్టుకున్న మనిషి మీరు, కన్నబిడ్డ విషయంలో ఇంకొకరి చాటున నిలబడొద్దు.

తీసుకెళ్లే, దింపే టైము ఖాయం చేసుకోండి. మార్పుంటే పెద్దవాళ్లిద్దరూ మెసేజ్ పెట్టుకోండి, వాడి చేత కబుర్లు పంపొద్దు. డబ్బు గురించి అసలే వద్దు. రాగానే స్నానం, అన్నం, నిద్ర. చెప్పాలనిపిస్తే వాడే చెప్తాడు. నాన్న కొనిచ్చిన బొమ్మ తెచ్చుకుంటే, దాచుకునే అవసరం లేకుండా హాల్లోనే పెట్టుకోనివ్వండి.